చిన్న విమానానికి పెద్ద బరువు: ముందు తీసివేయవలసినది ఏమిటి?

గత నెల మా యవ్వనస్థుల కూడికలో, 1956లో ఈక్వడార్ అడవుల్లో ప్రాణాలర్పించిన ఐదుగురు మిషనరీల చరిత్రను ధ్యానించుకున్నాము. కూడిక ముగిశాక, అశోక్‌నగర్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక తమ్ముడు మా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, ఆ విమానం ఫొటోలో చూస్తే ఆటోకు రెక్కలు కట్టినట్టుంది. పైగా గుడ్డ కప్పిందంటున్నారు. మనుషుల్ని, సామాన్లని ఎలా మోసింది? ఇంకాస్త పెద్ద ఇంజను పెట్టుకుంటే సరిపోయేది కదా?" అని అడిగాడు.

ఆ క్షణానికి పొడిపొడిగా ఏదో చెప్పి పంపించాము. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఎక్కువ బరువు మోయాలన్న కోరిక దేవుని సేవలో ఉన్నవారందరికీ తెలిసినదే. అందుచేత ఈ వారం ఆ ప్రశ్నకు పూర్తి జవాబు రాస్తున్నాము.

గుడ్డ విమానం అంటే ఏమిటి?

నేట్ సెయింట్ నడిపిన ఆ పసుపు రంగు విమానం పేరు పైపర్ పీఏ-14 ఫ్యామిలీ క్రూయిజర్. సన్నని ఉక్కు గొట్టాలను వెల్డింగ్ చేసి అస్థిపంజరంలాంటి చట్రం కడతారు. దానిమీద గట్టి నూలు గుడ్డను చర్మంలా కప్పి, డోప్ అనే ద్రవాన్ని పూతపూతలుగా పూస్తారు. డోప్ ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని డప్పు చర్మంలా మోగుతుంది. ఈ పనికి వాడే నూలు గుడ్డ కొత్తలో అంగుళం వెడల్పుకు 80 పౌండ్ల లాగుడును తట్టుకోవాలి. ఎండకు, వానకు అరిగి ఆ బలం 56 పౌండ్లకు తగ్గిందంటే మార్చవలసిందే. ఈ రోజుల్లో నూలుకు బదులు పాలిస్టరు గుడ్డ వాడుతున్నారు.

మన దేశంలోనూ ఇలాంటి విమానం ఉండేది. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ తయారుచేసిన పుష్పక్ 1958లో మొదటిసారి ఎగిరింది. ఇద్దరు కూర్చునే ఆ విమానం మీద దేశంలోని అనేక ఫ్లయింగ్ క్లబ్బుల్లో కుర్రవాళ్లు విమానం నడపడం నేర్చుకున్నారు. దాని లెక్క చూస్తే మన తమ్ముడి ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. ఖాళీ విమానం దాదాపు 395 కిలోలు. అన్నీ కలిపి లేవగల గరిష్ఠ బరువు దాదాపు 612 కిలోలు. మిగిలింది 217 కిలోలు. 75 కిలోల మనుషులు ఇద్దరు కూర్చుంటే 150 పోయింది. ఇక 67 కిలోల్లోనే పెట్రోలు, సంచులు, మందులు అన్నీ సర్దుకోవాలి. లీటరు పెట్రోలు దాదాపు 720 గ్రాములు తూగుతుంది. 50 లీటర్లు పోస్తే 36 కిలోలు. సామానుకు మిగిలేది 31 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా, పైన చిన్న చేతిసంచి.

మొదటి మార్పు: తీసివేయడం

బరువు ఎక్కువ మోయించడానికి అందరికీ ముందు తోచేది ఏదో ఒకటి చేర్చడం. అడవుల్లో విమానం నడిపేవారు మొదట చేసేది తగ్గించడం. ఖాళీ బరువులో తగ్గిన ప్రతి కిలో సామానుకు కలిసివచ్చే కిలో. దీనికి విమానం ఎముకల్లో ఏ మార్పూ అక్కరలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ విమానం మనిషిలాగే ఒళ్లు చేస్తుంది. పాత రంగు మీద కొత్త రంగు, అతుకు మీద అతుకు, చట్రం మూలల్లో మట్టి, ఒక్కోసారి ఎలుకలు పెట్టిన గూళ్లు, ఎవరూ వాడని తీగలు. కాగితం మీద పాత బరువే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు విమానాన్ని తక్కెడల మీద ఎక్కించి మళ్లీ తూస్తారు. తర్వాత పాత గుడ్డ విప్పి తేలికైన గుడ్డ కప్పుతారు. మెత్తటి సీట్ల స్థానంలో పలుచటి సీట్లు, బరువైన బ్యాటరీ స్థానంలో తేలికపాటి బ్యాటరీ పెడతారు.

నేట్ సెయింట్ ఈ విషయంలో చాలా నిష్ఠగలవారు. సౌకర్యానికి తప్ప పనికి అక్కరలేని బరువును తీసివేయడం ఆయన పద్ధతి. ప్రసంగాల్లోనూ దానినే ఉదాహరణగా చెప్పేవారు. అనవసరమైన బరువు వదులుకున్నవాడే అవతలి ఒడ్డున ఎక్కువ విలువైన సరుకు దించగలడని ఆయన భావం. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలో పరుగుపందెం గురించి చదివినవారికి ఈ మాట కొత్తది కాదు. అయితే ఆయన అన్నిటినీ తీసివేయలేదు. గాలిలో ఇంధనం అందక ఇంజను ఆగిపోతే ప్రాణం కాపాడే ప్రత్యామ్నాయ ఇంధన ఏర్పాటును స్వయంగా రూపొందించుకున్నారు. అది అదనపు బరువే. సౌఖ్యం కోసం ఉన్నదేది, ప్రాణం కోసం ఉన్నదేది అన్న వివేచన ఇక్కడే అవసరం.

పెద్ద ఇంజను పెడితే?

పీఏ-14లో ఉన్నది 115 గుర్రపు శక్తి ఇంజను. తర్వాతి కాలంలో ఇలాంటి విమానాలకు 150, 160 గుర్రపు శక్తి ఇంజన్లు అమర్చుకున్నవారు చాలామంది. దానివల్ల విమానం తక్కువ దూరంలో లేస్తుంది, చెట్లు దాటి త్వరగా పైకి పోతుంది. కానీ పెద్ద ఇంజను తానే ఎక్కువ తూగుతుంది, గంటకు ఎక్కువ పెట్రోలు తాగుతుంది. అంతే దూరం పోవాలంటే ఎక్కువ పెట్రోలు మోయాలి.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఇంజను మార్చినంత మాత్రాన అనుమతించిన గరిష్ఠ బరువు పెరగదు. లారీకి అదనంగా ఒక కమాను పట్టీ వేయించి రెట్టింపు సరుకెక్కించే డ్రైవర్లు మనకు తెలుసు. పట్టీ పెరిగింది. బ్రేకు పెరిగిందా? ఇరుసు పెరిగిందా? విమానం సంగతీ అంతే.

ఎముకలు బలపడాలి

గాలిలో సుడి తగిలినప్పుడు, మలుపు తిరిగినప్పుడు రెక్కల మీద బరువు పెరుగుతుంది. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలి తిరిగితే 800 కిలోల విమానం రెక్కలకు 1,600 కిలోలతో సమానం. కాబట్టి మోత పెంచాలంటే రెక్కలోని దూలాలు, రెక్కను ఒంటికి కలిపే ఊతకర్రల్లాంటి స్ట్రట్లు, వాటి కొక్కేలు, కింద చక్రాల కాళ్లు అన్నీ లెక్కకు నిలబడాలి.

పైపర్ సంస్థవారే సూపర్ కబ్ అనే మరో గుడ్డ విమానం చేశారు. దాని గరిష్ఠ బరువు 1,750 పౌండ్లు, అంటే 794 కిలోలు. దానిని 2,000 పౌండ్లకు, అంటే 907 కిలోలకు పెంచే ఆమోదిత మార్పు ఒకటి ఉంది. అందులో పని జరిగేది ముఖ్యంగా ఈ ఎముకల మీదే. 250 పౌండ్లు పెంచడానికి ఇంత శ్రమ.

ఎముకలు బలపడ్డాక కూడా ప్రకృతి నియమం మారదు. బరువు 14 శాతం పెరిగితే, విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం దాదాపు 7 శాతం పెరుగుతుంది. వేగమూ బరువూ రెండూ పెరిగాయి గనుక, దిగాక ఆపడానికి అణచవలసిన శక్తి 30 శాతం పెరుగుతుంది. పది శాతం బరువు పెరిగితే లేవడానికి కావలసిన దూరం కనీసం ఇరవై శాతం పెరుగుతుందని పైలట్లు మోటుగా లెక్కవేసుకుంటారు. నది ఒడ్డు ఇసుకతిన్నె మీద దిగేవాడికి ఆ ఇరవై శాతమే బతుకు.

పుష్పక్ చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. దానిని పెంచి ఎక్కువ మోసేలా చేయాలనుకున్నప్పుడు మన ఇంజనీర్లు పాత ఒంటి మీద బరువెక్కించలేదు. పుష్పక్ ఆధారంగానే పెద్ద ఒడ్డూ పొడవుతో కృషక్ అనే మరో విమానం కట్టారు. అది 1959లో ఎగిరింది. 90 గుర్రపు శక్తి ఉన్న పుష్పక్ పక్కన, సైన్యానికి ఇచ్చిన కృషక్‌కు 225 గుర్రపు శక్తి ఇంజను పెట్టారు.

కావడి సూత్రం

ఎంత బరువన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. కావడి మోసేవాడికి రెండు కుండలూ సరితూగాలి. ఒక కుండ బరువైతే భుజం జరుపుకుంటాడు. విమానానికి జరుపుకునే భుజం లేదు. దాని మోపు స్థానం రెక్కల దగ్గర స్థిరంగా ఉంటుంది. అక్కడినుండి రెండు మీటర్ల వెనక పెట్టిన పది కిలోలు, ఒక మీటరు వెనక పెట్టిన ఇరవై కిలోలతో సమానం. తోకవైపు బరువు మితిమీరితే ముక్కు పైకి లేచి, వేగం పడిపోయి, పైలట్ ఎంత నెట్టినా తిరిగి సరికాని స్థితి వస్తుంది. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా సర్దడంలో తప్పువల్ల కూలిన విమానాలున్నాయి.

వేడి, ఎత్తు

గాలి పలుచబడితే రెక్కలూ ఇంజనూ రెండూ నీరసపడతాయి. మన బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి దాదాపు 5,000 అడుగుల ఎత్తున ఉండే గాలిలా పలుచనవుతుంది. తెల్లవారుజామున తేలికగా లేచిన బరువే మధ్యాహ్నం లేవకపోవచ్చు. దాదాపు 9,300 అడుగుల ఎత్తున ఉన్న క్వీటో నగరంలో 1948 డిసెంబరులో నేట్ సెయింట్ విమానం లేస్తూండగా గాలి కిందికి నెట్టి కూల్చింది. ఆయన వెన్నెముక విరిగింది. అలాంటిచోట ఆదుకునేది చేతిలో మిగిల్చుకున్న శక్తి ఒక్కటే.

ఎవరి అనుమతి?

గరిష్ఠ బరువును మార్చే అధికారం యజమానికీ లేదు, పైలట్‌కూ లేదు. మన దేశంలో డీజీసీఏ ఆమోదం లేకుండా అలాంటి మార్పు చేయకూడదు. అమెరికాలోనూ మార్పును రుజువుచేసి ప్రత్యేక ధ్రువపత్రం పొందాలి. అలాస్కాలో మాత్రం కొన్ని పాత రకాల చిన్న విమానాలకు, అనుమతి ఉన్న రవాణా సంస్థల చేతిలో, షరతులతో 15 శాతం వరకు ఎక్కువ బరువు అనుమతించే నియమం ఉంది. ఆ సడలింపుకూ హద్దు ఉంది.

లెక్కవేయడం అవిశ్వాసమా?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2009 అక్టోబరులో కర్నూలు వరదలప్పుడు ముషీరాబాద్ నుండి బియ్యం, దుప్పట్లు వ్యానులో పంపించాము. డ్రైవరు, "అయ్యగారూ, ఇక చాలండి, బండి కూర్చుంటోంది" అన్నాడు. "దేవుని పనికి వెళ్తున్నాం, ఆయనే చూసుకుంటాడు, ఇంకో నాలుగు బస్తాలు వెయ్యి" అన్నది మేమే. ఊరు దాటి గంట గడవకముందే కమాను పట్టీలు విరిగి వ్యాను రోడ్డు పక్కకు ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అది కృప. కానీ మొత్తం సరుకు ఒక రోజు ఆలస్యంగా చేరింది. ఆ నాలుగు బస్తాల కోసం మిగతా బస్తాలన్నిటినీ ఆపాము. ఆ డ్రైవరు తమ్ముడికి తర్వాత క్షమాపణ చెప్పుకున్నాము.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా 14వ అధ్యాయంలో ఉంది. దేవాలయ శిఖరం నుండి దూకమన్నప్పుడు ఆయన దూకలేదు. హద్దును గౌరవించడం విశ్వాసానికి వ్యతిరేకం కాదని ఆ రెండు సంగతులూ మాకు నేర్పాయి, కాస్త ఆలస్యంగా.

1956 జనవరి 3న కురారాయ్ నది ఇసుకతిన్నె మీద దిగినప్పుడు నేట్ సెయింట్ అందరినీ ఒకేసారి తీసుకెళ్లలేదు. మొదటి విడతలో ఎడ్ మెకల్లీ ఒక్కరినే దింపారు. తర్వాత మిగతావారిని, సామానును విడతలు విడతలుగా చేర్చారు. జనవరి 8న ఆ ఐదుగురూ వావోరానీల ఈటెలకు బలయ్యారు. అది వారు తెలిసి ఎదుర్కొన్న ప్రమాదం. అంత పెద్ద ప్రమాదానికి సిద్ధపడిన మనిషి, తూకం దగ్గర మాత్రం ఒక్క కిలోనూ అదృష్టానికి వదల్లేదు. ప్రాణమివ్వడానికి వెనుకాడకపోవడం, ప్రాణాన్ని నిర్లక్ష్యం చేయకపోవడం ఆయనలో కలిసే ఉన్నాయి.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు మా జవాబు ఇది. ముందు తూచాలి. అక్కరలేనిది తీసివేయాలి. మిగిలినది సరైన చోట సర్దాలి. అప్పటికీ చాలకపోతే అర్హతగలవారిచేత ఎముకలు బలపరచి అనుమతి పొందాలి. ఇంజను మాట ఆ తర్వాతే. ఇవేవీ కుదరకపోతే రెండు విడతలుగా వెళ్లాలి.

మా వ్యాను ఇప్పుడూ ఊళ్లకు వెళ్తూనే ఉంది. ఎన్ని బస్తాలు ఎక్కించాలో చెప్పేది ఇప్పుడు డ్రైవరే.