పిట్ట కొంచెం, కూత ఘనం: కోబ్రా కారు, రెండు ఇంజన్ల చరిత్ర

మన తెలుగువాళ్ళం నలుగురు కలిస్తే కార్ల ప్రస్తావన రాకుండా ఉండదు. కామ్రీయా అకార్డా, లీజా కొనుగోలా, గ్యాలనుకి ఎన్ని మైళ్ళిస్తుంది, అమ్మితే ఎంతొస్తుంది? మన చర్చలు ఇక్కడ మొదలై ఇక్కడే ముగుస్తాయి. నేను చెప్పబోయే కారుకి మైలేజీ లెక్క అడగకూడదు. దానికి పైకప్పు లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, తలుపులకి దించే అద్దాలు కూడా లేవు. పేరు కోబ్రా. మన భాషలో నాగుపామే.

కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పొట్టకూటికి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన వేలమందిలో నేనొకణ్ణి. ఉండేది డెట్రాయిట్ శివార్లలో. ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఆగస్టు నెలలో పాత కార్ల తిరునాళ్ళ జరుగుతుంది. అక్కడ కోబ్రాలు వరసకట్టి నిలబడతాయి. 1960లలో తయారైన అసలు కోబ్రాలు అన్నీ కలిపి వెయ్యికి లోపే. కాబట్టి రోడ్డు మీద మనకి కనిపించేవి దాదాపు అన్నీ నకళ్ళే. విడిభాగాల పెట్టెలు తెప్పించుకుని ఇంటి గరాజ్‌లో కట్టుకున్నవి.

మావాడికి పదహారేళ్ళు. కాలేజీకి వెళ్ళేలోగా మిగిలినవి రెండు వేసవులు. ఈలోగా ఇద్దరం కలిసి అలాంటి కారొకటి కట్టాలని నిర్ణయించుకున్నాం. కిట్‌లో ఇంజను ఉండదు, మనమే ఎంచుకోవాలి. వాడు "పెద్దదే ఉండాలి నాన్నా, లేకపోతే అది కోబ్రా ఎలా అవుతుంది?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి చరిత్రలోకి వెళ్ళాల్సి వచ్చింది. నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు ఒక అపోహ తొలగిద్దాం. స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్ అన్నప్పుడు చిన్నా పెద్దా అనేది ఇంజను సామర్థ్యానికి కొలత కాదు. సిలిండర్లు తొలిచిన ఇనుప దిమ్మ, అంటే బ్లాకు, బయటి కొలతలకి సంబంధించిన మాట. పక్కపక్క సిలిండర్ల మధ్యబిందువుల దూరం ఫోర్డ్ స్మాల్ బ్లాక్‌లో 4.38 అంగుళాలు, ఎఫ్ఈ అనే పెద్ద కుటుంబంలో 4.63 అంగుళాలు. పావు అంగుళమేగా అనిపిస్తుంది. కానీ దాన్నిబట్టే బ్లాకు పొడుగు, వెడల్పు, బరువు అన్నీ పెరుగుతాయి. పైన ఉండే అల్యూమినియం భాగాలనిబట్టి మారుతుంది గానీ, రెండింటి బరువులో తేడా ఇంచుమించు రెండు వందల పౌండ్లు. అంటే ఒక మనిషి బానెట్ కింద అదనంగా కూర్చున్నట్టు. 1958లో వచ్చిన ఎఫ్ఈ ఇంజన్లలో ఒకటి 332 ఘనపు అంగుళాలు. 1969లో వచ్చిన 351 మాత్రం స్మాల్ బ్లాక్. చూశారా, చిన్నది పెద్దదాన్ని మించిపోయింది!

ఇక కథలోకి వద్దాం. కారల్ షెల్బీ 1923లో టెక్సస్‌లోని లీస్‌బర్గ్‌లో పుట్టాడు. కోళ్ళఫారం పెట్టాడు, కోళ్ళకి రోగమొచ్చి దివాలా తీశాడు. మన గోదావరి జిల్లాల్లో ఇలాంటి కథలు కొత్తేమీ కాదు. తర్వాత రేసుల్లోకి దిగి, ఫారంలో వేసుకునే చారల ఓవరాల్స్‌తోనే కారు నడిపి పేరు తెచ్చుకున్నాడు. 1959లో రాయ్ సాల్వడోరీతో కలిసి ఆస్టన్ మార్టిన్‌లో లె మాన్ 24 గంటల పోటీ గెలిచాడు. గుండెజబ్బు ముదరడంతో, నాలుక కింద నైట్రోగ్లిజరిన్ మాత్ర పెట్టుకుని రేసుల్లో పాల్గొని, 1960లో విరమించాడు. నడపలేకపోతే తయారుచేద్దామనుకున్నాడు.

ఇంగ్లండులో థేమ్స్ డిటన్‌లోని ఏసీ కార్స్ అనే చిన్న కంపెనీ, ఏస్ అనే అందమైన తేలికపాటి కారు చేసేది. దానికి ఇంజను సరఫరా చేసే బ్రిస్టల్ సంస్థ 1961లో ఆ ఇంజను తయారీ మానేసింది. సరిగ్గా అప్పుడే షెల్బీ ఏసీకి ఉత్తరం రాశాడు, అందులో అమెరికన్ వీ8 పెడదామని. షెవ్రొలె వాళ్ళు ఇంజను ఇవ్వనన్నారు. ఫోర్డ్ దగ్గర మాత్రం పల్చటి గోడలతో పోతపోసిన కొత్త తేలిక ఇంజను సిద్ధంగా ఉంది. ఫోర్డ్ విభాగానికి అధిపతి లీ అయకోకా. ఈయన ఆత్మకథని మన ఇంజనీరింగ్ హాస్టళ్ళలో చేతులు మార్చుకుంటూ చదివినవాళ్ళు ఈ సంచిక పాఠకుల్లో తప్పక ఉంటారు.

1962 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని శాంటా ఫే స్ప్రింగ్స్‌లో, డీన్ మూన్ షాపులో, 260 ఘనపు అంగుళాల ఇంజనుని ఇంగ్లీషు కారులో కొద్ది గంటల్లో బిగించేశారు. అదే మొదటి కోబ్రా. ఉన్నది ఒకటే కారు. దాంతో పత్రికలవాళ్ళు పరీక్షించడానికి వచ్చినప్పుడల్లా కొత్త రంగు వేసి, బోలెడన్ని కార్లున్నట్టు భ్రమ కల్పించారు! ఆ కారే 2016లో వేలంపాటలో కోటీ ముప్ఫైఏడున్నర లక్షల డాలర్లకి పోయింది. మొదటి 75 కార్ల తర్వాత 260 స్థానంలో 289 వచ్చింది. రెండూ స్మాల్ బ్లాకులే. బరువు దాదాపు 2,100 పౌండ్లు, బలం 271 గుర్రాలు. చిన్న పోటీల్లో దానికి ఎదురులేకపోయింది.

ఇబ్బంది యూరప్‌లో వచ్చింది. లె మాన్‌లోని పొడవాటి తిన్నని రోడ్డు మీద, టాపులేని కోబ్రా గంటకి 160 మైళ్ళ దగ్గర ఆగిపోయేది. ఫెరారీ 250 జీటీఓ 180 దాకా వెళ్ళేది. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. 160 నుంచి 180కి చేరడమంటే వేగంలో పన్నెండున్నర శాతమే. శక్తి మాత్రం నలభై రెండు శాతం ఎక్కువ కావాలి. దీనికి రెండే దారులు: బలం పెంచడం, లేదా గాలి అడ్డు తగ్గించడం. షెల్బీ షాపులో రెండింటినీ ఒకేసారి ప్రయత్నించారు.

మొదటిది పీట్ బ్రాక్ దారి. ఇరవైల్లో ఉన్న ఈ కుర్రాడు, అదే చాసీ మీద, అదే 289 ఇంజనుతో, వెనక కత్తిరించినట్టుండే కొత్త ఒంటిని గీశాడు. షాపులో చాలామంది పెదవి విరిచినా, డ్రైవరూ ఇంజనీరూ అయిన కెన్ మైల్స్ వెన్నుదన్నుగా నిలిచాడు. 2019లో వచ్చిన "ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ" సినిమా చూసినవాళ్ళకి మైల్స్‌ని పరిచయం చేయనక్కర్లేదు. అలా పుట్టిన డేటోనా కూపే 1964లో లె మాన్ జీటీ వర్గంలో మొదటి స్థానం, మొత్తం మీద నాలుగో స్థానం కొట్టింది.

రెండోది బలం దారి. 1963 డిసెంబరులో బహామాస్‌లోని నాసౌలో షెవ్రొలె గ్రాండ్ స్పోర్ట్ కార్లు కోబ్రాలని చిత్తుచేశాయి. దానికి విరుగుడుగా నాస్కార్ పోటీలకోసం చేసిన ఏడు లీటర్ల 427 బిగ్ బ్లాక్‌ని కోబ్రాలోకి దూర్చారు. 1964 వసంతంలో సెబ్రింగ్‌లో ఆ ప్రయోగపు కారుని ప్రాక్టీసులో మైల్స్ తీసుకెళ్ళి చెట్టుకి కొట్టాడు. అంత బరువుకీ అంత బలానికీ పాత చాసీ చాలదని తేలింది. మూడంగుళాల గొట్టాలు పోయి నాలుగంగుళాల గొట్టాలు, ఆకు స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు వచ్చాయి. సస్పెన్షన్ లెక్కలు ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ కంప్యూటరు సాయంతో వేశాడు. మా వృత్తివాళ్ళం గర్వపడాల్సిన విషయమే.

మరి గెలిచిందెవరు? జీటీ పోటీలో పాల్గొనాలంటే వంద కార్లు తయారై ఉండాలన్నది నిబంధన. 1965లో తనిఖీకి వచ్చేసరికి 427 కోబ్రాలు యాభై పైచిలుకే ఉన్నాయి. అనుమతి రాలేదు. దాంతో ఆ ఏడాదంతా భారం పాత 289 మీదే పడింది. ఆ సంవత్సరం జులై 4న ఫ్రాన్సులోని రేమ్స్‌లో డేటోనా కూపే గెలిచి, జీటీ తయారీదారుల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని ఖాయం చేసింది. అమెరికన్ సంస్థకి ఆ కిరీటం దక్కడం అదే మొదలు, అదీ స్వాతంత్ర్య దినోత్సవం రోజున! ఆ ఏడు ఫెరారీ పూర్తి బలగంతో దిగలేదన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అయినా గెలుపు గెలుపే. గెలిచింది చిన్న ఇంజనే.

పోటీకి పనికిరాక మిగిలిపోయిన 427 కార్లకి అద్దమూ సైలెన్సర్లూ తగిలించి, ఎస్/సీ పేరుతో రోడ్డు మీదకి అమ్మారు. తర్వాత రోడ్డు కార్లలో కొన్నింటికి 427 బదులు చవకైన 428 ఇంజను పెట్టారు. ఇక్కడ లెక్కల మాస్టార్లకి ఓ తమాషా. 427 బోరు 4.23 అంగుళాలు, స్ట్రోకు 3.78. ఎనిమిది సిలిండర్లకి గుణించి చూడండి, 425 మాత్రమే వస్తుంది. ఏడు లీటర్ల పరిమితికి దగ్గరగా కనిపించాలని పెట్టిన అంకె అది. అయినా మామూలు ఇంజనేమీ కాదు. అందులో ఒక్కొక్క సిలిండరు 870 సీసీ. మన చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుపతి వెళ్ళొచ్చిన మారుతీ 800 ఇంజను మొత్తం 796 సీసీ!

బిగ్ బ్లాక్‌కి అన్యాయం చేయకూడదు. 1966, 1967లలో లె మాన్‌లో ఫోర్డ్ గెలిచింది ఏడు లీటర్ల ఇంజన్లతోనే. పెద్ద ఇంజను తీరిగ్గా తిరుగుతూనే కావలసిన బలమిస్తుంది, 24 గంటలు పరిగెత్తాలంటే అది గొప్ప సుగుణం. తర్వాత నిబంధనలు మారి ఐదు లీటర్ల హద్దు వచ్చాక, 1968, 1969లలో గెలిచిన జీటీ40లో ఉన్నది స్మాల్ బ్లాకే. రెండుసార్లూ ఒకే కారు. లె మాన్ లెక్కలో చెరి సగం అన్నమాట.

అయితే జనం గుండెల్లో నిలిచింది మాత్రం 427 రూపమే. ఉబ్బిన ఫెండర్లు, పక్కనుంచి పోయే గొట్టాలు. 1967తో కోబ్రా తయారీ ఆగింది, డెబ్భైల నుంచే నకళ్ళు మొదలయ్యాయి. 1995లో మసాచుసెట్స్‌లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ, ఒక పాత మస్టాంగ్ నుంచి ఇంజనూ ఇరుసులూ తీసి బిగించుకునే కిట్ తెచ్చి, కోబ్రాని మధ్యతరగతి గరాజ్‌లోకి దింపింది. ఆ మస్టాంగ్‌లో ఉండేది 302 స్మాల్ బ్లాక్. అంటే వుడ్‌వర్డ్ మీద కనిపించే చాలా కార్లది 427 ఒళ్ళు, 302 గుండె.

నకళ్ళ మీద షెల్బీ కోర్టులకెక్కాడు, తనే మళ్ళీ కొత్త కోబ్రాలూ చేశాడు. ఇంగ్లీషు కారుకి అమెరికన్ గుండె పెట్టిన ఆ మనిషికి 1990లో వేరొకరి గుండె అమర్చారు. దానితో ఇంకో ఇరవై రెండేళ్ళు బతికి 2012లో వెళ్ళిపోయాడు. ఇక నకలంటే చిన్నచూపు మనకెందుకు? 1976లో పిట్స్‌బర్గ్ కొండ మీద తిరుమల నమూనాలో గుడి కట్టుకున్నవాళ్ళం మనం. అక్కడ దణ్ణం పెట్టేటప్పుడు ఎవరమూ ఇది నకలని అనుకోం.

ఇప్పుడు ఎంపిక ఇంకా చిక్కుగా తయారైంది. డెట్రాయిట్ నదికి ఆవలిగట్టు విండ్సర్‌లో పుట్టిన 351 స్మాల్ బ్లాక్ తరహాలో, మందంగా పోసిన కొత్త బ్లాకులు దొరుకుతున్నాయి. బోరు 4.125, స్ట్రోకు 4.0 చేస్తే ఎంతొస్తుందో తెలుసా? 427! ఇంకోవైపు 2011 మస్టాంగ్‌తో వచ్చిన కయోటి ఇంజను 302 ఘనపు అంగుళాలతోనే 412 గుర్రాలిచ్చింది, ఆనాటి 427 రోడ్డు ఇంజనుకి ప్రకటించిన 425కి కూతవేటు దూరంలో. దానికి తలలు వెడల్పు కాబట్టి చోటు చూసుకోవాలి.

మావాడితో కూర్చుని ఇదంతా ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేశాం. చక్రాల మధ్య దూరం 90 అంగుళాలే, బరువు 2,300 పౌండ్ల చుట్టుపక్కల. జారితే పట్టుకునే ఎలక్ట్రానిక్స్ లేవు. ముక్కు మీద రెండు వందల పౌండ్లు ఎక్కువైతే మలుపులో కారు మాట వినదు, వెనక చక్రాల మీద బలం ఎక్కువైతే వానలో అసలే వినదు. ఏదో ఒకనాడు నేను పక్కన లేకుండా వాడొక్కడే దాన్ని నడుపుతాడు. అక్కడితో నా మటుకు నాకు లెక్క తేలిపోయింది. వాణ్ణి ఒప్పించింది మాత్రం నా భయం కాదు, రేమ్స్ కథ. "అయితే గెలిచినదాన్నే పెడదాం" అన్నాడు.

302 తీసుకుంటున్నాం, 300 గుర్రాలు చాలు. ఒళ్ళు మాత్రం కిట్‌లో వచ్చేదే, ఉబ్బిన ఫెండర్లతో. వాటి మీద 427 బిల్ల అతికించకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఎవరైనా బానెట్ ఎత్తమంటే ఎత్తి చూపిస్తాం, ఓపికుంటే ఈ కథంతా చెప్తాం.