పిండిముద్ద పట్టిచ్చిన పులుపు

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రం, అర్బానా. జంతువుల విషప్రమాదాలకు సలహాలిచ్చే ఏఎస్‌పీసీఏ కేంద్రానికి ఓ కేసు వచ్చింది. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్దను కుక్క తినేసింది. వాంతులు మొదలయ్యాయి.

ఇలాంటి పిండి అనగానే డాక్టర్లు ముందు అనుమానించేది ఉప్పునే. కానీ ఈ కుక్కకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. విషవైద్య నిపుణురాలు డాక్టర్ కొలెట్ వెగెనాస్ట్ చూపు అక్కడే ఆగింది. ద్రాక్ష తిన్న కుక్కల్లో కనిపించే లక్షణాలివి! ఇది ద్రాక్ష తినలేదే?

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలకు ముప్పని 2001లోనే పశువైద్య పత్రికకెక్కింది. ఎందుకన్నది మాత్రం ఇరవై ఏళ్లయినా తేలలేదు. గుప్పెడు తిన్న కుక్క చలాకీగా తిరిగేది, నాలుగు పళ్లు తిన్నది ప్రాణం మీదికి తెచ్చుకునేది.

పిండిలో ఏమేం పడ్డాయి? మైదా, ఉప్పు, నూనె... క్రీమ్ ఆఫ్ టార్టార్. అది టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలోని పులుపూ ఎక్కువగా ఆ ఆమ్లానిదే! కాయ రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి అది ఎక్కువ తక్కువలవుతుంది. ఒక కుక్క బతికి మరొకటి ప్రమాదంలో పడటానికి కారణం అదే కావొచ్చు.

2021లో వెగెనాస్ట్ బృందం ఈ అనుమానాన్ని బయటపెట్టింది. మరుసటి ఏడాది ప్రచురించిన కేసుల్లో మరో పేరు చేరింది: చింతపండు.

అంటే మన పులిహోర! పరమాన్నంలో కిస్‌మిస్ సరేసరి. “పాపం, దానికీ పండగేగా” అని నాయనమ్మ కుక్కకు పెట్టే ముద్దలో రెండూ ఉండొచ్చు. గారెల్లోని ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. కనుమనాడు వండిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకోవచ్చు.

అలాగని పండగపూట దాన్ని పస్తుంచక్కర్లేదు. పులుపు కలపకముందే, తాలింపు పడకముందే దాని వాటా తీసి పక్కన పెట్టండి. ఉత్త అన్నం, ఉప్పూకారం లేకుండా ఉడికించి ఎముకలు తీసేసిన కోడిమాంసం, ఓ ఉడికిన గుమ్మడి ముక్క చాలు.

కళ్లుగప్పి పులిహోరో, కిస్‌మిస్సో తినేస్తే “బాగానే ఉందిగా” అని తెల్లారేదాకా ఆగొద్దు. కిడ్నీల దెబ్బ ఒకటి రెండు రోజులకుగానీ బయటపడదు. తిన్న కాసేపట్లోనే తీసుకెళితే డాక్టరు వాంతి చేయించగలరు. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించడం ఇంకో ప్రమాదం. ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది... ఈ మూడూ ఫోన్లో చెబుతూనే ఆస్పత్రికి బయల్దేరండి.