మొదటి జీతం తొమ్మిది వందల రియాళ్ళు

ఈ ఉగాది సంచికకు పాత సంగతులేవైనా రాయమని కార్యదర్శిగారు అడిగితే, మనకు చెప్పుకోదగ్గ చరిత్ర ఏముందని మొదట నవ్వేశాను. తర్వాత నా పాత ఫైలులోని రెండు కాగితాలు గుర్తుకొచ్చాయి. ఒకటి బొంబాయిలో సంతకం పెట్టిన ఒప్పందం, రెండోది జుబైల్‌లో పెట్టినది. రెండింటిలోనూ పేరు నాదే, ఉద్యోగమూ ఒకటే. జీతాలే వేరు.

నిజానికి నా మొట్టమొదటి ఉద్యోగం శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ పనుల్లో, ఒక కాంట్రాక్టరు దగ్గర. 1979లో సివిల్ డిప్లొమా చేసి చేరితే నెలకు 350 రూపాయలు. అదీ ఆయనకు బిల్లు వచ్చిన నెలలోనే. మా కరీంనగర్ జిల్లా నుంచి అప్పటికే చాలామంది గల్ఫ్ దారి పట్టారు. 1973-74 చమురు సంక్షోభంలో పీపా ధర మూడు డాలర్ల నుంచి పన్నెండు డాలర్ల దరిదాపుకు ఎగబాకింది. ఆ డబ్బుతో సౌదీ ప్రభుత్వం పెద్ద నిర్మాణాలు మొదలుపెట్టింది. జుబైల్, యాన్బు పారిశ్రామిక నగరాల కోసం 1975లో రాయల్ కమిషన్ ఏర్పడింది. జాలర్ల ఊరి పక్కన ఇసుకలో కర్మాగారాలు లేవాలి. అన్ని చేతులు అక్కడ లేవు.

1981లో బొంబాయి ఏజెంటు నెలకు 1,200 రియాళ్ళు, తిండి ఖర్చు కంపెనీదే అన్నాడు. అతనికిచ్చిన 9,000 రూపాయలు మా బాపు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అప్పటికింకా 1922 నాటి వలస చట్టమే అమల్లో ఉంది. ఏజెంట్ల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసిన చట్టం 1983లో గానీ రాలేదు. కాబట్టి అతని మాటే మాకు చట్టం.

దహ్రాన్ విమానాశ్రయంలో దిగి జుబైల్ క్యాంపుకు చేరిన మర్నాడు ఒక గుమస్తా అరబీ కాగితం ముందు పెట్టాడు. జీతం 900, తిండి మీదే అన్నాడు. ఇష్టం లేకపోతే తిరిగి వెళ్ళవచ్చునట! నెలకు 270 రూపాయల వడ్డీ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి వెళ్తాం? సంతకం పెట్టాను.

మొదటి జీతం గురువారం సాయంత్రం కవరులో పెట్టి ఇచ్చారు. బ్యాంకుల ద్వారానే జీతాలివ్వాలన్న పద్ధతి 2013 నుంచి దశలవారీగా వచ్చింది. మాకు మాత్రం రిజిస్టరులో సంతకం, చేతిలో నోట్లు. (ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే మిత్రుడొకడికి హిజ్రీ నెల ప్రకారం జీతం వచ్చేది. ఏడాదికి పదకొండు రోజులు మాకంటే ముందుంటానని మురిసిపోయేవాడు. 2016లో ఆ ముచ్చటా తీరిపోయింది.) ఆ నోట్లను మూడుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు రియాలుకు రెండున్నర రూపాయలు. అంటే కాలువ గట్టు మీది జీతానికి ఆరు రెట్ల పైమాటే. మోసపోయానని ఏడవాలో, సంతోషించాలో తెలియలేదు.

ఇంటికి రాసిన ఉత్తరంలో మాత్రం 1,200 అనే రాశాను. బాపు బెంగపడతాడని. తిండికీ ఇతర ఖర్చులకూ పోగా 600 రియాళ్ళకు డ్రాఫ్టు తీసి పంపేవాణ్ణి. బాపు అందులో వెయ్యి రూపాయలు షావుకారుకు కడితే, పదకొండో నెలకు అప్పు తీరింది. ఈలోగా బాపు రాయించిన ఉత్తరం వచ్చింది: "పన్నెండు వందలంటివి గద కొడుకా, మిగిలినయి ఏడ వోతున్నయి?" జవాబు రాయలేదు.

అంతటితో పోలేదు. ఆ అంకె ఊరంతా తిరిగింది. అదే నమ్మి మా చిన్నాయన కొడుకులిద్దరు అప్పు చేసి, 1982లో అదే కంపెనీకి వచ్చారు. వాళ్ళకు 800 ఇచ్చారు. పెద్దవాడు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. "నిజం రాస్తే మేం రాకపోదుం గద అన్నా" అన్నాడు చివరికి. చిన్నవాడు, "రాసినా వస్తుంటిమి. ఇంటికాడ ఏమున్నది?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

1986లో చమురు పది డాలర్ల లోపుకు పడిపోయింది. పనులు ఆగాయి, మా క్యాంపులో గదులు ఖాళీ అయ్యాయి. ఆ ఏడాదే డాలరుకు 3.75 రియాళ్ళని ఖాయం చేశారు. ఆ లెక్క ఇంతవరకూ మారలేదు. మారింది మన రూపాయి. 1991 జూలైలో రెండు రోజుల తేడాతో రెండుసార్లు విలువ తగ్గించేసరికి, అయిదున్నర రూపాయల పైచిలుకు ఉన్న రియాలు ఏడు రూపాయల దరిదాపుకు వచ్చింది. ఇప్పుడు ఇరవై రెండు దాటింది. అందుకే కొత్తగా వచ్చే కుర్రవాడికి రియాళ్ళలో జీతం పెరగకపోయినా, ఊళ్ళో రూపాయల్లో విన్నవారికి పెరిగినట్టే ఉంటుంది. నా ఉత్తరం చేసిన పనే ఈ మారకపు రేటూ చేసింది.

2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం సౌదీకి వచ్చే కార్మికులకు కనీస సిఫార్సు వేతనాన్ని 324 డాలర్లకు తగ్గించింది. గల్ఫ్ కార్మికుల సంఘాలు అభ్యంతరపెట్టాయి, మరుసటి ఏడాది ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. వార్త చదివి, అలవాటు కొద్దీ రియాళ్ళలోకి మార్చి చూశాను. 1,215. ముప్ఫై తొమ్మిదేళ్ళ క్రితం బొంబాయిలో నాకు చెప్పిన అంకెకు పదిహేను ఎక్కువ.

చిన్నాయన కొడుకుల్లో చిన్నవాడికి ఫోన్ చేసి చెప్తే పెద్దగా నవ్వాడు. పెద్దవాడికి ఇంకా చెప్పలేదు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి మొదటి ఒప్పందాలు, జీతం కవర్లు ఉంటే ఉగాది సాయంత్రం తీసుకురండి. నా కాగితాలు రెండూ తెస్తున్నాను.