అంబాసిడర్ కింది కమాను కట్ట

బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు వారసురాలిగా 1950ల చివర్లో మొదలై, బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్ కారు బరువును వెనక ఇరుసు మీద మోసింది ఉక్కు పట్టీల కమాను కట్ట (లీఫ్ స్ప్రింగు). దీన్ని గుర్రపు బగ్గీల నాటి వెనకబాటుతనం అన్నవాళ్లున్నారు. పుట్టుక బగ్గీలదే, కాదనలేం. కానీ చుట్ట స్ప్రింగు బరువు మోస్తుందే తప్ప ఇరుసును ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టలేదు; దానికి వేరే కడ్డీలు కావాలి. కమాను కట్ట ఆ రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. పట్టీల మధ్య ఒరిపిడి బండి ఊపును కూడా కొంత అణుస్తుంది. నిండా జనంతో, సామానుతో గతుకుల్లో తిరిగే బండికి ఇంతకన్నా తగిన అమరిక నాకు కనిపించదు. ఒక పట్టీ విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

మరి వాలిపోయిన పాత పట్టీలనే కొలిమిలో కాల్చి వంచితే చాలదా? వంపు వస్తుంది, నిజమే. అయితే ఉక్కును సరిగా చల్లార్చి, మళ్లీ తగుమాత్రంగా వేడిచేసి బిగువు తేకపోతే అది నిలవదు, త్వరలోనే వాలుతుంది. అందుకే కట్ట వాలిపోయినప్పుడు పాత అంబాసిడర్‌ను కాపాడుకునేవారు రెండు వైపులా కట్టలు, బుష్‌లు, యూ బోల్టులు కలిపి మార్చాలి. బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి.