కుక్కకు నడుం బెల్టు: ఎప్పుడు పనికొస్తుంది? ఎలా ఎంచుకోవాలి?

సోఫా మీది నుంచి దూకిన డాష్‌హండ్ ఒక్కసారిగా కుయ్యిమంటుంది. సాయంత్రానికి నడుం పైకి వంచుకుని, అడుగు వేయడానికే భయపడుతూ మూలన నిలబడుతుంది. ఇంట్లో వాళ్లు కంగారుగా ఫోన్‌లో వెతికితే కుక్కల నడుం బెల్టులు కనిపిస్తాయి. రెండు రోజుల్లో వచ్చేస్తుంది కదా అని ఆర్డర్ పెట్టేస్తారు. పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. బెల్టు వచ్చేలోపే ఆ కుక్క వెనక కాళ్లు పూర్తిగా పడిపోవచ్చు.

నడుం బెల్టు పనికిరాని వస్తువేమీ కాదు. సరైన కుక్కకు, సరైన సమయంలో, సరైన సైజుది వేస్తే ఉపయోగం ఉంటుంది. కానీ అది మందు కాదు, ఆపరేషన్‌కు బదులు కూడా కాదు. అందుకే ఎలాంటి బెల్టు కొనాలనే దానికంటే ముందు, అసలు కుక్క నడుంలో ఏం జరిగిందో తెలియాలి.

ఏ కుక్కలకు ఈ సమస్య ఎక్కువ?

కుక్క మెడలో 7, ఛాతీ భాగంలో 13, నడుంలో 7 వెన్నుపూసలు ఉంటాయి. పూసకు పూసకు మధ్య మెత్తలా పనిచేసేది డిస్క్. పైన పీచులాంటి గట్టి పొర, లోపల జెల్లీలాంటి గుజ్జు ఉంటుంది. పొట్టి కాళ్లు, పొడుగు నడుం ఉన్న జాతుల్లో ఈ గుజ్జు చిన్న వయసులోనే ఎండి గట్టిపడుతుంది. ఒకరోజు పై పొర చిట్లి, ఆ గట్టిపడ్డ పదార్థం వెన్నుపాము మీదకు పొడుచుకొస్తుంది. దీన్నే డిస్క్ జబ్బు, లేదా డాక్టర్ల మాటల్లో ఐవీడీడీ అంటారు. ఛాతీ పూసలు ముగిసి నడుం పూసలు మొదలయ్యే చోట ఇది ఎక్కువగా వస్తుంది.

డాష్‌హండ్ ఈ జాబితాలో అందరికంటే ముందుంటుంది. ప్రతి నాలుగైదు డాష్‌హండ్‌లలో ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుందని అంచనా. సాధారణంగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య బయటపడుతుంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, పెకినీస్, షిట్జు, కాకర్ స్పానియల్ కుక్కలకూ ముప్పు ఉంది. ఈ డిస్కులు తొందరగా పాడవడానికి కారణమైన జన్యు మార్పును శాస్త్రవేత్తలు 2017లో గుర్తించారు. అంటే ఇది పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు, చాలావరకు పుట్టుకతోనే వచ్చే బలహీనత.

అన్ని నడుం సమస్యలూ డిస్క్ జబ్బే కావు. 2003లో వచ్చిన హచ్ ఫోన్ ప్రకటన తర్వాత మన దగ్గర ఇంటింటికీ చేరిన పగ్‌లలో కొన్నింటికి వెన్నుపూసలే పుట్టుకతో వంకరగా ఉంటాయి. జర్మన్ షెపర్డ్‌కు వయసు మీద పడ్డాక నడుం చివర నరాలు నొక్కుకుపోవడం, లేదా వెన్నుపామే మెల్లగా క్షీణించడం కనిపిస్తుంది. పైకి చూస్తే అన్నీ ఒకేలా, వెనక కాళ్లు తడబడినట్టే ఉంటాయి. చికిత్స మాత్రం దేనికి అదే.

ముందు డాక్టర్, తర్వాతే బెల్టు

డిస్క్ జబ్బు తీవ్రతను పశువైద్యులు ఐదు మెట్లుగా చూస్తారు. మొదటి మెట్టులో నొప్పి మాత్రమే ఉంటుంది. రెండో మెట్టులో కుక్క నడుస్తుంది కానీ వెనక కాళ్లు తూలుతాయి. మూడులో కాళ్లు కదుపుతుంది, లేచి నడవలేదు. నాలుగులో కాళ్లు పూర్తిగా పడిపోతాయి, కానీ వేళ్లను గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తుంది. ఐదులో ఆ స్పర్శ కూడా పోతుంది.

మొదటి రెండు మెట్లలో ఉన్న కుక్కలు చాలావరకు మందులు, కచ్చితమైన విశ్రాంతితో కోలుకుంటాయి. లేచి నడవలేని స్థితికి వస్తే ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే. ఐదో మెట్టుకు చేరాక ఆపరేషన్ చేసినా సగానికి కాస్త అటూ ఇటూగా మాత్రమే మళ్లీ నడుస్తాయి. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దిగజారడానికి కొన్నిసార్లు కొన్ని గంటలే పడుతుంది.

కాబట్టి ఈ లక్షణాల్లో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి:

- నడుం పైకి వంచడం, ఎత్తుకుంటే అరవడం, వణకడం
- వెనక పాదాలు మడత పడి, పైభాగం నేలకు రాసుకోవడం
- వెనక కాళ్లు తూలడం, ఈడ్చుకుంటూ వెళ్లడం
- మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా కారిపోవడం

తీసుకెళ్లేటప్పుడు ముందు కాళ్ల కింద చంకలు పట్టి ఎత్తకూడదు. ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక భాగం కింద ఇంకో చెయ్యి పెట్టి నడుం వంగకుండా ఎత్తాలి. కొంచెం పెద్ద కుక్కైతే చెక్క పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్లడం మేలు. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు అసలు వేయకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము కనిపించదు. ఆపరేషన్ అవసరమైతే ఎంఆర్ఐ గానీ సీటీ స్కాన్ గానీ కావాలి. దగ్గరలో స్పెషలిస్టు లేనివారు హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లో చూపించుకుని, ఎక్కడ ఏ పరీక్ష చేయించాలో అడగవచ్చు.

బెల్టు చేసేది ఏంటి, చేయలేనిది ఏంటి?

బెల్టు చేసే పని సులువైనదే. నడుం అకస్మాత్తుగా పక్కకు తిరగకుండా, ఎక్కువగా వంగకుండా కొంత అడ్డుకుంటుంది. పొట్టను కింద నుంచి కాస్త పట్టి ఉంచుతుంది. ఒంటి మీద ఒత్తిడి తెలుస్తుంటే కొన్ని కుక్కలు నెమ్మదిగా, జాగ్రత్తగా నడుస్తాయి.

జారిన డిస్క్‌ను అది వెనక్కి నెట్టలేదు. వెన్నుపాము మీద ఒత్తిడిని తగ్గించలేదు. పడిపోయిన కాళ్లను లేపలేదు. బెల్టు వేస్తే డిస్క్ జబ్బు రాకుండా ఆగుతుందని గట్టిగా తేల్చిన పరిశోధన కూడా ఇప్పటివరకు లేదు. అందుకే డాక్టర్లలోనే దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు వాడమంటారు, కొందరు అవసరం లేదంటారు.

సాధారణంగా బెల్టు సూచించే సందర్భాలు మూడు. ఒకటి, విశ్రాంతి కాలం ముగిసి కుక్కను మెల్లగా మళ్లీ నడిపిస్తున్నప్పుడు. రెండు, వయసు మళ్లి నడుం కీళ్లు అరిగిన కుక్క రోజువారీ నడకకు. మూడు, గుండె జబ్బు లాంటి కారణాలతో ఆపరేషన్ చేయలేని కుక్కకు కొంత ఊరట కోసం.

బెల్టుల్లో రకాలు

మెత్తని బెల్టు: గుడ్డ, స్పాంజి, సాగే పట్టీతో చేస్తారు. వెచ్చదనం, కాస్త పట్టు ఇస్తుంది. నడుం వంగకుండా ఆపే శక్తి తక్కువ. కీళ్ల అరుగుదల ఉన్న ముసలి కుక్కలకు సరిపోతుంది.

పుల్లలున్న బెల్టు: గుడ్డ లోపల నడుం పొడవునా ప్లాస్టిక్ లేదా లోహపు పుల్లలు ఉంటాయి. ఛాతీ నుంచి తుంటి దాకా పట్టి ఉంచుతుంది. అమెరికాలో తయారయ్యే విగిల్‌లెస్, లిల్ బ్యాక్ బ్రేసర్ లాంటివి డాష్‌హండ్‌లను దృష్టిలో పెట్టుకుని వచ్చినవే. డిస్క్ జబ్బు నుంచి కోలుకుంటున్న కుక్కకు డాక్టర్లు సూచించేది ఎక్కువగా ఈ రకమే.

కొలత తీసి చేయించే గట్టి బెల్టు: కుక్క ఒంటి అచ్చు తీసి గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. ఖర్చు ఎక్కువ. వెన్నుపూస విరిగినప్పుడు లేదా డాక్టర్ ప్రత్యేకంగా చెప్పినప్పుడు మాత్రమే అవసరం.

వెనక కాళ్లు బలహీనమైన జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కలకు నడుం బెల్టు కంటే తుంటి కింద నుంచి పట్టి లేపే పిడి ఉన్న పట్టీ ఎక్కువ పనికొస్తుంది. మనుషుల నడుం బెల్టును కత్తిరించి కట్టడం మాత్రం సరికాదు. మనిషి వెన్ను నిలువుగా, కుక్క వెన్ను అడ్డంగా ఉంటుంది. బరువు పడే తీరే వేరు.

కొలత తప్పితే డబ్బు దండగ

చిన్న, మీడియం, పెద్ద అనే అక్షరాలు చూసి కొనకూడదు. ఒకే బరువున్న పగ్, డాష్‌హండ్ ఒంటి తీరు పూర్తిగా వేరు. కుక్కను నిలబెట్టి, టైలర్ టేపుతో మూడు కొలతలు తీసుకోవాలి.

- మెడ పట్టీ ఉండే చోటు నుంచి తోక మొదలు దాకా నడుం పొడవు
- ముందు కాళ్ల వెనక, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్న చోట చుట్టుకొలత
- వెనక కాళ్లకు ముందు, పొట్ట సన్నబడిన చోట చుట్టుకొలత

మగ కుక్కకు పొట్ట కింది పట్టీ మూత్రం పోసే చోటికి ముందే ఆగాలి. లేకపోతే బెల్టు తడిసి చర్మం పాడవుతుంది. వేశాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అంతకంటే వదులైతే బెల్టు పక్కకు తిరిగిపోతుంది. బిగుతైతే ఊపిరి ఆడదు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు అసలే శ్వాస ఇబ్బంది కాబట్టి ఛాతీ దగ్గర మరింత జాగ్రత్త అవసరం. సైజు మార్చుకునే వీలున్న చోటే కొనడం మంచిది.

ఎంతసేపు వేయాలి?

మొదటి రోజు పది పదిహేను నిమిషాలు చాలు. తీసిన వెంటనే చంకల దగ్గర, పొట్ట కింద చర్మం ఎర్రబడిందా, వెంట్రుకలు రాలాయా చూడాలి. బాగుంటే డాక్టర్ చెప్పిన మేరకు సమయం పెంచుకుంటూ పోవచ్చు. రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. రోజంతా వేసి ఉంచితే నడుం కండరాలకు పని తగ్గి, అవే బలహీనపడే అవకాశం ఉంది.

మన వేసవిని మరిచిపోకూడదు. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే ఎక్కువగా వేడిని బయటికి పంపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మందపాటి స్పాంజి బెల్టు వేస్తే వడదెబ్బ తగలొచ్చు. గాలి ఆడే జాలీ గుడ్డది తీసుకుని, ఎండ ఎక్కకముందు నడకకు మాత్రమే వేయాలి. ఉతికి ఆరేసేందుకు వీలుగా రెండు బెల్టులు ఉంటే మేలు.

ఆపరేషన్ కుట్లు మానని కుక్కకు, చర్మం మీద పుండ్లున్న కుక్కకు, గర్భంతో ఉన్న కుక్కకు డాక్టర్‌ను అడగకుండా బెల్టు వేయకూడదు. బెల్టు వేయగానే కదలకుండా బిగుసుకుపోయినా, నడక ఇంకా తడబడినా వెంటనే తీసేయాలి.

అసలు మందు విశ్రాంతే

డిస్క్ జబ్బుకు ఆపరేషన్ లేకుండా వైద్యం చేసేటప్పుడు కనీసం 4 వారాలు కదలికలు తగ్గించాలని పశువైద్య నిపుణులు 2022లో ఏకాభిప్రాయంతో సూచించారు. అంటే బోనులో గానీ చిన్న అడ్డుగోడల మధ్య గానీ ఉంచి, మూత్రానికి, దొడ్డికి మాత్రమే పట్టీతో బయటికి తీసుకెళ్లాలి. చాలా ఇళ్లలో కష్టమైన పని ఇదే. నొప్పి మాత్రలు వేశాక కుక్క హుషారుగా కనిపిస్తుంది, పిల్లలు వదిలిపెట్టమంటారు. అప్పుడు బెల్టు ఉంది కదా అని వదిలేస్తే మొదటికే మోసం వస్తుంది.

కుక్కను ఇంటి లోపలికి రానివ్వని కుటుంబాలు చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు మేడ మీద కట్టేయడం కంటే, మెట్లు ఎక్కే పని లేకుండా కింద వరండాలోనో వాకిట్లోనో నీడ, నీళ్లు ఉన్న చోటు ఏర్పాటు చేయాలి. జారే టైల్స్ మీద పాత జంపఖానా పరచాలి. మంచం, సోఫా, కారు దగ్గర చిన్న వాలు పలక పెట్టాలి. మెడ పట్టీకి బదులు ఛాతీకి వేసే పట్టీ వాడాలి. అన్నిటికంటే ముఖ్యం బరువు. పక్కటెముకలు చేతికి తగలనంత లావు ఉన్న కుక్కకు ఎంత ఖరీదైన బెల్టు వేసినా నడుం మీద భారం తగ్గదు. అన్నం, బిస్కెట్లు తగ్గించడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

బెల్టు కొనాలనుకున్న రోజు డాక్టర్‌ను అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు. జబ్బు డిస్కా, ఇంకేదైనానా? ఇప్పుడు ఏ మెట్టులో ఉంది? బెల్టు వల్ల ఈ కుక్కకు లాభం ఉందా? ఎన్ని గంటలు, ఎన్ని వారాలు వేయాలి? వీటికి జవాబు దొరికాకే టేపు తీసి కొలతలు మొదలుపెట్టాలి.