ఒకే పాట, మూడు లెక్కలు

పాశ్చాత్య దేశాలలో రాక్ బృందాలు ఒక ఆల్బమ్‌ను వెలువరించే ముందు అందులోని ఒక పాటను విడిగా చిన్న రికార్డుగా విడుదల చేయడం ఆనవాయితీ. దానిని లీడ్ సింగిల్ అంటారు. నాటకానికి నాంది ఎటువంటిదో ఆల్బమ్‌కు అది అటువంటిది. వారం వారం వెలువడే పాటల పట్టికలో దానికి దక్కిన స్థానాన్ని బట్టి ఆ బృందం భవిష్యత్తును లెక్కగడతారు. అయితే ఆ స్థానం కొలిచేది పాటనేనా? క్వీన్ బృందం పాడిన ‘బొహీమియన్ రాప్సొడీ’ చరిత్రను పరిశీలిస్తే ఈ సందేహం కలుగక మానదు.

ఈ పాటను రచించి, స్వరపరచి, పాడినవాడు ఫ్రెడీ మెర్క్యురీ. అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946లో జాంజిబార్‌లో ఒక పార్సీ కుటుంబంలో జన్మించి, మన దేశంలోని పంచగనిలో చదువుకొని, 1964లో ఇంగ్లండు చేరాడు. 1975 నాటికి క్వీన్‌కు పేరు వచ్చింది గాని డబ్బు రాలేదు. పాత నిర్వాహకులతో తెగతెంపులు చేసుకొని, అప్పుల మధ్య ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ ఆల్బమ్‌ను తలపెట్టారు.

అటువంటి స్థితిలో వారు నాందిగా ఎంచుకున్నది 5 నిమిషాల 55 సెకన్ల పాట! రేడియోలో మూడు నిమిషాల పాటలు చెల్లుబాటయ్యే కాలమది. పైగా దీనికి పల్లవి లేదు. రాగమాలికలో రాగాలు మారినట్లు ఇందులో ఏకంగా సంగీత రీతులే మారుతాయి. విషాద గీతంగా మొదలై, ఒపెరాగా పెరిగి, రాక్‌గా పేలి, చివరకు మౌనంలోకి ఒదిగిపోతుంది. ఇంత నిడివి రేడియోకు పనికిరాదని రికార్డు కంపెనీ వారు వారించినా బృందం పాటను కత్తిరించడానికి ఒప్పుకోలేదు. విడుదలకు ముందే కెన్నీ ఎవరెట్ అనే లండన్ రేడియో వ్యాఖ్యాత రెండు రోజులలో 14 సార్లు దానిని వినిపించాడు. అక్టోబరు 31న విడుదలైన పాట నవంబరు చివరికి బ్రిటన్‌లో ప్రథమ స్థానానికి చేరి, 9 వారాలు అక్కడే నిలిచింది. అమెరికాలో మాత్రం 1976లో 9వ స్థానంతో ఆగిపోయింది.

1991 నవంబరు 23న మెర్క్యురీ తనకు ఎయిడ్స్ సోకిందని ప్రకటించాడు. మరునాడే మరణించాడు. అప్పటికి అతనికి 45 ఏళ్ళు. డిసెంబరులో అదే రికార్డింగును మరొక పాటతో జతచేసి విడుదల చేయగా, బ్రిటన్‌లో తిరిగి 5 వారాలు ప్రథమ స్థానం దక్కింది. వచ్చిన ఆదాయం టెరెన్స్ హిగ్గిన్స్ ట్రస్టు అనే ఎయిడ్స్ సేవాసంస్థకు చేరింది. 1992లో ‘వేన్స్ వరల్డ్’ అనే హాస్య చిత్రంలో కొందరు కుర్రాళ్ళు కారులో తలలూపుతూ ఇదే పాట పాడారు. ఆ ఊపులో అమెరికాలో అది 2వ స్థానం వరకు ఎగబాకింది.

ఈ పదిహేడేళ్ళలో పాటలో ఒక్క స్వరం మారలేదు. మారినది విన్నవారి మనస్సు. మొదటిసారి వారు కొన్నది వింతను, రెండవసారి దుఃఖాన్ని, మూడవసారి నవ్వును. పట్టికలోని అంకె ఆనాటి సందర్భానికి రసీదు మాత్రమే. పాట విలువ దానిలో ఇమడదు.

ఆ మూడు లెక్కలలో మెర్క్యురీ కళ్ళారా చూసుకున్నది మొదటిది ఒక్కటే.