సరిహద్దు గ్రామాలలో శిక్షణ కేంద్రం: స్థాపన, నిర్వహణ, ప్రచారం

పాఠశాల బోధనకు అదనంగా, రుసుము తీసుకొని పాఠ్యాంశాలలో గాని ప్రవేశ పరీక్షలకు గాని విద్యార్థులకు తర్ఫీదునిచ్చే స్థలమే శిక్షణ కేంద్రం. వాడుకలో దీనిని ట్యూషన్ అనీ, కోచింగ్ అనీ అంటారు. తక్కువ పెట్టుబడితో ప్రారంభించగల స్వయం ఉపాధి కనుక చదువుకున్న గ్రామీణ యువతీయువకులు దీనివైపు మొగ్గు చూపుతున్నారు. బాగేపల్లి, పావగడ, హోసూరు, పర్లాకిమిడి, సిరొంచ వంటి సరిహద్దు ప్రాంతాలలో ఈ వృత్తికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడి విద్యార్థికి కొరతగా ఉన్నది తరచుగా పాఠం కాదు, పాఠానికీ ఇంటి భాషకూ నడుమ ఉండవలసిన వంతెన.

అవసరాన్ని గుర్తించుట

ఇంటిలో తెలుగు, పాఠశాలలో రాష్ట్ర భాష, పోటీ పరీక్షలో ఆంగ్లం: సరిహద్దు బాలుడు మూడు భాషల నడుమ నడుస్తాడు. తమిళనాడు 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుండి మొదలై 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. కర్ణాటక 2015లో కన్నడ భాషా అభ్యసన చట్టం చేసినది. రాష్ట్ర భాష రాకుండా చదువు ముందుకు సాగదు. ఇంటి భాష లేకుండా చిన్న పిల్లలకు పునాది పడదు.

లెక్క తెలిసిన పిల్లవాడు కూడా ప్రశ్నలోని మాట తెలియక తప్పు చేయుట సాధారణం. మన కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలను కన్నడ పుస్తకాలు సంకలన, వ్యవకలన, గుణాకార, భాగాకార అంటాయి. తమిళంలో అవి కూట్టల్, కళిత్తల్, పెరుక్కల్, వకుత్తల్. మరాఠీలో బేరీజ్, వజాబాకీ, గుణాకార్, భాగాకార్. ఒడియాలో మిశాణ, ఫేడాణ, గుణన, హరణ. ఇటువంటి మాటల పట్టికను తరగతి వారీగా తయారుచేసి గోడకు అంటించిన కేంద్రం పట్టణపు కేంద్రాలు చేయలేని పనిని చేస్తుంది.

రెండవ అవసరం ప్రవేశ పరీక్షలు. నవోదయ విద్యాలయాలలో ఆరవ తరగతి ప్రవేశానికి రెండు గంటల వ్యవధిలో 80 ప్రశ్నలకు 100 మార్కుల పరీక్ష ఉంటుంది. మానసిక సామర్థ్యంపై 40, అంకగణితంపై 20, భాషపై 20 ప్రశ్నలు వస్తాయి. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు కేటాయిస్తారు. బాలుడు ఏ జిల్లాలో చదువుతున్నాడో ఆ జిల్లా విద్యాలయానికే దరఖాస్తు చేయాలి. సరిహద్దు దాటి బంధువుల ఊరిలో చదివించే కుటుంబాలు ఈ నిబంధనను ముందే గమనించాలి. తమిళనాడులో నవోదయ విద్యాలయాలు లేవు. ఆ వైపు గ్రామాలకు ఎనిమిదవ తరగతిలో జరిగే జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష ముఖ్యం. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులు దీనికి అర్హులు. ఎంపికైనవారికి సంవత్సరానికి 12,000 రూపాయలు లభిస్తాయి.

ప్రారంభించదలచినవారు ముందుగా తమ ఊరిలోను, చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లలోను ఏ తరగతి పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఏ మాధ్యమంలో చదువుతున్నారో, ఏ పాఠ్యాంశంలో వెనుకబడుతున్నారో ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొనవలెను. బోర్డు వ్రాయించుట ఆ తరువాతి పని.

ఎవరు బోధించవచ్చును

2009 విద్యా హక్కు చట్టంలోని 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధించినది. కాబట్టి పాఠశాలలో ఉద్యోగం చేస్తున్న ఉపాధ్యాయుని పేరుతో గాని భాగస్వామ్యంతో గాని కేంద్రం నడుపుట తగదు. పదవీ విరమణ చేసినవారు, ఉద్యోగం లేని పట్టభద్రులు, శిక్షణ పూర్తిచేసిన నిరుద్యోగులు దీనికి తగినవారు.

కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు విడుదల చేసినది. ఇవి 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు ఉద్దేశించినవి. బోధకునికి కనీసం డిగ్రీ, విద్యార్థి ఒక్కొక్కరికి కనీసం ఒక చదరపు మీటరు స్థలం, పాఠశాల వేళలలో తరగతులు నడపకపోవుట, వారానికి ఒక సెలవు వీటిలో ముఖ్యమైనవి. అటువంటి పెద్ద కేంద్రాలు 16 ఏళ్లలోపు వారిని చేర్చుకొనరాదని కూడా ఇందులో ఉన్నది. నవోదయకు సిద్ధమయ్యే పిల్లల వయస్సు పదేళ్ల చుట్టూ ఉంటుంది కనుక, చిన్న తరగతుల కేంద్రం చిన్నదిగానే ఉండుట అన్ని విధాలా క్షేమం. నమోదు విషయంలో రాష్ట్రాల నియమాలు వేరు వేరు. తాలూకా లేక బ్లాకు విద్యాధికారి కార్యాలయంలో విచారించి, జవాబును వ్రాతపూర్వకంగా తీసుకొనుట మంచిది.

స్థలం, భద్రత

2004 జూలై 16న కుంభకోణంలోని పాఠశాలలో పూరికప్పుకు నిప్పంటుకొని 94 మంది పిల్లలు మరణించారు. 2019 మే 24న సూరత్‌లో ఒక భవనం పై అంతస్తులోని శిక్షణ తరగతిలో జరిగిన అగ్ని ప్రమాదంలో 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. తాటాకు పాక, ఒకే మెట్ల దారి గల మేడ గది, వంటగదిని ఆనుకొని ఉన్న వసారా ఎంత చవకగా దొరికినా తీసుకొనరాదు. నేల అంతస్తు, బయటకు తెరుచుకొనే రెండు తలుపులు, మంచినీరు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉండాలి. సాయంత్రం తరగతి ముగిసిన తరువాత పిల్లలను ఎవరు ఇంటికి తీసుకొని వెళ్తారో చేర్చుకొనే రోజుననే వ్రాసుకొనవలెను. తలుపులు మూసి ఒక్క విద్యార్థికి విడిగా పాఠం చెప్పే పద్ధతి ఉండరాదు.

పెట్టుబడి, రాబడి

ఒక ఊహా లెక్కను చూద్దాం. 24 మంది పిల్లలు నెలకు 300 రూపాయల చొప్పున చెల్లిస్తే 7,200 వస్తుంది. అద్దె 1,500, విద్యుత్తు 300, సుద్దముక్కలు, జిరాక్సు ప్రతులకు 600 పోగా 4,800 మిగులుతుంది. వేసవి రెండు నెలలూ రాబడి ఉండదు. పది నెలల మిగులు 48,000ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 4,000 మాత్రమే. ఆరుగురు రుసుము చెల్లించని నెలలో మరో 1,800 తగ్గుతుంది.

ఈ లెక్క తెలియక నూటికి రెండు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చి బల్లలు, రంగుల బోర్డు, కంప్యూటరు కొన్నవారు నెలకు 1,000 రూపాయలు వడ్డీకే కట్టవలసి వస్తుంది. అంటే సగటు మిగులులో నాలుగవ వంతు. నల్లబల్ల, చాపలు, రెండు దీపాలు, ఒక పంకాతో మొదలుపెట్టి, బల్లలు రెండవ సంవత్సరంలో కొనవచ్చును. అప్పు తప్పనిసరి అయితే 2015లో ప్రారంభమైన ముద్ర పథకంలోని శిశు విభాగం క్రింద 50,000 వరకు హామీ ఆస్తి లేకుండా బ్యాంకు రుణం అడగవచ్చును. అందుకు ఉపకరించే ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది. దీనికి దళారీకి సొమ్ము ఇవ్వనవసరం లేదు. సంవత్సర రాబడి 20 లక్షలు దాటనంతవరకు వస్తు సేవల పన్ను నమోదు సాధారణంగా అవసరపడదు.

రుసుము వసూలులో ఊరి రాబడి కాలాన్ని గమనించాలి. చిక్కబళ్లాపుర, కోలారు వైపు పట్టుగూళ్లు, టమాటా అమ్మినప్పుడు చేతిలో డబ్బు ఆడుతుంది. సిరొంచ అడవి గ్రామాలకు వేసవి తునికాకు పని ఆధారం. షోలాపురంలో బీడీ, మగ్గం కుటుంబాలున్నాయి. నెలవారీ గడువుకు బదులు పంట వారీగా రెండు మూడు విడతలు పెట్టిన చోట బాకీలు తగ్గుతాయి, పిల్లలు మానరు. చెల్లించిన ప్రతి పైసాకూ రసీదు ఇవ్వాలి. నడుమ మానిన విద్యార్థికి మిగిలిన కాలపు రుసుము తిరిగి ఇవ్వాలన్నది 2024 మార్గదర్శకాలలోనిదే. చిన్న కేంద్రం సైతం దీనిని పాటిస్తే ఊరిలో మాట నిలుస్తుంది.

ప్రచారం

గ్రామంలో తల్లుల మాటకు మించిన ప్రకటన లేదు. ఒక ఆదివారం ఉచిత పాఠం పెట్టి, తల్లిదండ్రులను వెనుక వరుసలో కూర్చుండబెట్టవచ్చును. నెలకొకసారి పిల్లవాని నోటు పుస్తకాన్ని ఇంటికి పంపి, మొదటి పుటనూ చివరి పుటనూ పోల్చి చూడమని కోరవచ్చును. చదువురాని తల్లికి కూడా చేతివ్రాతలోని మార్పు కనబడుతుంది. పాలకేంద్రం, రేషను దుకాణం, సంత, గుడి జాతర వద్ద కరపత్రం పనిచేస్తుంది. కరపత్రంలో తరగతులు, వేళలు, రుసుము, బోధించే భాషలు, బోధకుని అర్హత ఉంటే చాలును.

నామఫలకం విషయంలో రాష్ట్ర నియమాలు తెలిసి ఉండాలి. కర్ణాటకలో 2024 సవరణ ప్రకారం వాణిజ్య సంస్థల ఫలకంపై 60 శాతం కన్నడం ఉండాలి. మహారాష్ట్రలో మరాఠీ అక్షరాలు ఇతర లిపులకన్నా చిన్నవిగా ఉండరాదు. తమిళనాడులో తమిళానికి ప్రథమ స్థానం ఇవ్వాలి. తెలుగును ఆ క్రింద వ్రాయుటలో చిన్నతనం లేదు. రెండు భాషల ఫలకం ఆ కేంద్రం చేసే పనిని కూడా చెబుతుంది.

“నవోదయ సీటు గ్యారంటీ” వంటి మాట వ్రాయరాదు. ఒక్కొక్క నవోదయలో సీట్లు సాధారణంగా 80కి మించవు, దరఖాస్తులు వేలలో ఉంటాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలను శిక్షార్హం చేసినది. 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలపై వచ్చిన ప్రత్యేక మార్గదర్శకాలు, ఎంపికైన అభ్యర్థుల వ్రాతపూర్వక అనుమతి లేనిదే వారి పేరు, ఫోటో వాడరాదన్నాయి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం తీసుకొనుట క్షేమం.

పెరుగుదల

రాజస్థాన్‌లోని కోటాకు పేరు తెచ్చిన వి.కె. బన్సల్ 1980లలో తన ఇంటిలో కొద్దిమందికి పాఠాలు చెప్పి మొదలుపెట్టారు. ప్రభుత్వ సేవనుండి విరమించిన చుక్కా రామయ్య హైదరాబాదు నల్లకుంటలో ఐఐటీ శిక్షణను పరిమిత సంఖ్యతో నడిపారు. అక్కడ ప్రవేశానికే పరీక్ష ఉండేది. ఇద్దరికీ ముందు పాఠం, పిదప పేరు వచ్చినవి.

మొదటి సంవత్సరం సంఖ్యను పెంచుట కన్నా చేరినవారు మానకుండుట ముఖ్యం. రెండవ బోధకుని జీతం మూడు నెలలకు సరిపడా చేతిలో ఉన్నప్పుడే రెండవ జట్టును తీసుకొనవలెను. పరీక్షలో ఎంపిక కాని పిల్లవాడు ఆ సంవత్సరం ఏమి నేర్చుకున్నాడన్నదే కేంద్రానికి అసలు పరీక్ష. అతడు రాష్ట్ర భాషలోని లెక్కల ప్రశ్నను తానే చదివి, తెలుగులో తల్లికి వివరించగలిగితే ఆ రుసుము వృథా పోలేదు. మరుసటి సంవత్సరం ఆ ఇంటి రెండవ బిడ్డ కూడా అక్కడికే వస్తుంది.